ఉల్లికోడు నుంచి కమల దాకా: వ్యవసాయ పరిశోధనలో ఒక ఏడాది

(కొత్త ఏడాది మొదట్లో హనుమకొండలో రైతులు, వ్యవసాయ విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సభలో, వరి వంగడాల తయారీలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక శాస్త్రవేత్త చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. యాసంగి నాట్లు వదిలిపెట్టి వచ్చిన అన్నలకు, చివరి పత్తి ఏరుతూ ఏరుతూ వచ్చిన అక్కలకు, పరీక్షలు దగ్గరపడ్డా వెనక వరుసలో నిలబడి ఉన్న విద్యార్థులకు, అందరికీ పేరుపేరునా నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం వ్యవసాయ పరిశోధనలో గడిచిన ఏడాది ప్రగతి, రాబోయే ప్రణాళిక. ముందుగా ఒక మాట చెప్పాలి. వరి మీద పనిచేసేవాళ్లకు ఏడాది అంటే రెండు పంటలు, అంతే. వానాకాలం ఒకటి, యాసంగి ఒకటి. ఒక కొత్త వంగడం తయారు కావడానికి పది పన్నెండేళ్లు పడుతుంది. అంటే ఈ ఏడాది మీ చేతికి వచ్చిన విత్తనం పదేళ్ల కిందట ఎవరో చేసిన పని. ఈ ఏడాది మేం చేసే పని, ఇప్పుడు ఈ పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకునే నాటికి మీ పొలానికి వస్తుంది.

ఆ పని ఎలా మొదలవుతుందో చాలామంది రైతులు చూసి ఉండరు. పొట్ట నుంచి అప్పుడే బయటికి వచ్చిన వెన్నును తీసుకుంటాం. ఇంకా విచ్చుకోని గింజల పైభాగాన్ని, సుమారు మూడో వంతు, చిన్న కత్తెరతో కత్తిరిస్తాం. లోపల ఆరు కేసరాలు ఉంటాయి. ఆరింటినీ సన్నని పట్టకారుతో తీసేయాలి. ఒక్కటి మిగిలినా అది తనను తానే ఫలదీకరణం చేసుకుంటుంది, మన శ్రమ వృథా. సాయంత్రం ఈ పని చేసి, వెన్నుకు కాగితపు సంచి తొడిగి వస్తాం. మర్నాడు ఎండ కాస్త ఎక్కాక, తొమ్మిది, పదకొండు గంటల మధ్య, తండ్రిగా ఎంచుకున్న మొక్క సుంకు విచ్చే వేళ చూసుకుని, దాని పుప్పొడిని ఈ వెన్ను మీద దులుపుతాం. నెల రోజులకు గింజ వస్తుంది. పైపొట్టు కత్తిరించి ఉంటుంది కాబట్టి అందులో నుంచి బియ్యపు గింజ బయటికి కనిపిస్తూ, చాలీచాలని చొక్కా తొడుక్కున్న పసివాడిలా ఉంటుంది. ఒక వెన్నుకు అలాంటివి పదో ఇరవయ్యో దొరికితే ఆ రోజు మాకు పండగే.

ఆ పది గింజల నుంచి వచ్చిన మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. వాటి పిల్లలు మాత్రం వేలల్లో వేసినా ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకటి సన్నగింజ, ఒకటి దొడ్డుగింజ. ఒకటి పడిపోతుంది, ఒకటి నిలబడుతుంది. వాటిలో నుంచి ఏరుకుంటూ, ఏరుకున్నదాన్ని మళ్లీ వేస్తూ, ఆరేడు తరాలు గడిచాక గుణాలు స్థిరపడతాయి. ఆ తరువాత మా పరిశోధనా కేంద్రంలో పరీక్షలు, వేరే కేంద్రాల్లో పరీక్షలు, ఆపైన చిరుసంచుల్లో కొద్దికొద్దిగా విత్తనం ఇచ్చి మీ పొలాల్లో ప్రదర్శనలు. ఇంత దూరం ఎందుకు చెప్పానంటే, ప్రగతి అనే మాటను నేను ఈ కొలతతోనే కొలుస్తాను.

మన ఉత్తర తెలంగాణ పొలాల్లో ఈ కొలతకు మంచి సాక్ష్యం ఉంది. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది. మీరు బీపీటీ అని పిలిచే 5204. అన్నం రుచిలో దానికి సాటి లేదు. కానీ మన దగ్గర దానికి ఒక శత్రువు ఉంది, పిలకను ఉల్లి కాడ లాంటి బోలు గొట్టంగా మార్చేసే పురుగు, ఉల్లికోడు. వరంగల్ కేంద్రంలో అప్పటికే ఉల్లికోడును తట్టుకునే కావ్య తయారైంది. జగిత్యాల శాస్త్రవేత్తలు సాంబకూ కావ్యకూ పెళ్లి చేశారు. ఆ జంటకు పుట్టిందే జగిత్యాల సన్నాలు, జేజీఎల్ 1798. బాపట్ల రుచి, వరంగల్ గట్టితనం, జగిత్యాల చేతిపని. మూడు ఊళ్ల శ్రమ ఒక్క గింజలో ఉంది. ఆ తరువాత మరో అడుగు. మార్టేరు వారి ఎంటీయూ 1010, జగిత్యాల వారి జేజీఎల్ 3855, ఈ రెండింటినీ కలిపి రాజేంద్రనగర్‌లో తెలంగాణ సోనాను తీశారు, ఆర్‌ఎన్‌ఆర్ 15048. పంటకాలం 125 రోజుల చుట్టూ. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక 51.5, అంటే తక్కువే. చక్కెర వ్యాధి ఉన్న ఇళ్లలో ఈ బియ్యం పేరు చెప్పి అడగడం ఇవాళ మామూలైంది.

వంగడాల పేర్లు కూడా ఒకసారి వినండి. పెసరలో ఏకశిల, యాదాద్రి. కందిలో రుద్రేశ్వర. వరిలో సోమనాథ్, సిద్ధి, ఎర్రమల్లెలు, బతుకమ్మ. ఎవరు పెట్టారో గానీ ఆ పేర్లలో ఈ నేల వాసన ఉంది. విత్తన సంచి మీద బతుకమ్మ అని చదివినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

ఇప్పుడు గడిచిన 2025కు వస్తాను.

ఉగాది నాటి నుంచి రాష్ట్రంలో రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంతకు ముందు 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు మొదలైంది. ఇది ప్రభుత్వ నిర్ణయం, పరిశోధన కాదు కదా అని మీరు అనవచ్చు. కానీ పరిశోధనకు ఇంతకన్నా పెద్ద ఉత్తర్వు లేదు. పేదవాడి పళ్లెంలోకి సన్నబియ్యం ఏడాది పొడవునా రావాలంటే యాసంగిలో కూడా సన్నాలు పండాలి. యాసంగిలో గింజ పాలుపోసుకుని గట్టిపడే సమయానికి ఎండ ముదురుతుంది. గింజలో పగుళ్లు వస్తాయి. మిల్లులో పట్టిస్తే నూక ఎక్కువ, నిండు బియ్యం తక్కువ. అందుకే మన యాసంగి వడ్లు ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి పోయేవి. ఆ ఉప్పుడు బియ్యం కొనేది ఎవరనే పేచీ మీ అందరికీ గుర్తే. కాబట్టి మా ముందున్న మొదటి పని, ఎండకు పగలని సన్నగింజ. ఇది రెండేళ్లలో అయ్యేది కాదు. కానీ ఇవాళ క్రాసింగు చేయకపోతే పదేళ్ల తరువాత కూడా కాదు.

రెండో విషయం, మే 4న ఢిల్లీలో ప్రకటించిన రెండు వరి వంగడాలు. జన్యు సవరణతో తయారైన వరి మన దేశంలో విడుదల కావడం అదే మొదలు. ఒకటి రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, దాని పేరు కమల. రెండోది ఢిల్లీ పూసా సంస్థ వారిది. ఇక్కడ మీరు గర్వపడవలసిన సంగతి ఒకటుంది. కమలకు మూలం మన సాంబ మసూరి. రెండోదానికి మూలం ఎంటీయూ 1010. దేశమంతా ఎదురుచూసిన రెండు కొత్త వరులకూ తల్లులు తెలుగు నేల మీద పుట్టినవే.

దీన్ని బీటీతో కలిపి భయపడుతున్నవాళ్లు ఉన్నారు, అందుకే విడమరిచి చెబుతాను. బీటీ పత్తిలో ఒక బ్యాక్టీరియా జన్యువును తెచ్చి మొక్కలో పెట్టారు. కమలలో బయటి జన్యువు లేదు. సాంబ తనకు తానుగా మోసుకొస్తున్న ఒక జన్యువులో చిన్న మార్పు చేశారు. కంకికి గింజలు ఇన్నే చాలని ఆపే పగ్గం లాంటిది ఆ జన్యువు. దాన్ని వదులు చేస్తే గింజలు పెరుగుతాయి. సగటున 19 శాతం ఎక్కువ దిగుబడి, దాదాపు 20 రోజులు ముందుగా కోత అని సంస్థ చెప్పింది. సాంబ లాంటి పంటకు 20 రోజులు తగ్గడం అంటే చెరువు కింద రైతుకు రెండు మూడు తడులు మిగిలినట్టే.

కానీ ప్రకటన వేరు, విత్తన సంచి వేరు. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఈ వంగడాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే సాంబకు ఉల్లికోడును తట్టుకునే గుణం లేదు. గింజల సంఖ్య పెంచిన సవరణ ఆ గుణాన్ని తెచ్చిపెట్టదు. మన వరంగల్‌లో, జగిత్యాలలో, మన పురుగు ముందు నిలబెట్టి చూడకుండా మన రైతు చేతిలో పెట్టకూడదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే నా ఉద్యోగపు తొలి రోజుల సంగతి ఒకటి చెప్పాలి.

పరకాల వైపు ఒక ఊళ్లో ఉల్లికోడును తట్టుకుంటుందని చెప్పి ఒక వంగడం ఇప్పించాను. మూడేళ్లు బాగా పండింది. నాలుగో ఏడు శ్రావణమాసంలో ఒక పెద్దాయన సంచి పట్టుకుని వచ్చాడు. సంచిలో నుంచి గుప్పెడు పిలకలు తీసి నా బల్ల మీద పరిచాడు. ఆకులు రావలసిన చోట తెల్లగా, మెరుస్తూ, లోపల బోలుగా ఉన్న గొట్టాలు. అచ్చం ఉల్లి కాడలు. "బిడ్డా, ఇది నువ్వు ఇచ్చిన విత్తనమే" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

ఆ గొట్టాన్ని గోటితో చీల్చి చూశాను. ఇది మీరు కూడా చేసి చూడవలసిన పని. అడుగు భాగంలో, పిలక మొదలయ్యే చోట, చిన్న పురుగు ఉంటుంది. ఈగ కాదు, దోమ కాదు, రెంటికీ మధ్యస్థంగా ఉండే కీటకం ఆకు మీద గుడ్డు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల మంచు తడి మీద జారుతూ ఆకుతొడిమ సందులో నుంచి కిందికి దిగి, మొక్క పెరిగే మొన దగ్గరికి చేరుతుంది. అక్కడ కూర్చుని తింటూ ఉంటే ఆకు కావలసింది గొట్టమైపోతుంది. ఆ పిలకకు ఇక వెన్ను రాదు. రెక్కలు వచ్చాక కీటకం గొట్టం కొనకు రంధ్రం చేసుకుని ఎగిరిపోతుంది. వదిలేసిన పొర ఆ రంధ్రంలో వేలాడుతూ ఉంటుంది. ఇంకో సంగతి. కొన్ని గొట్టాలు చీల్చితే పురుగు కడుపునిండా సన్నని నల్లని గూళ్లు కనిపిస్తాయి. అవి మన మిత్రులవి, ప్లాటిగాస్టర్ అనే చిన్న కందిరీగ పిల్లలు. పురుగు కంటపడగానే మందు కొట్టేవాళ్లు ఈ మిత్రులను కూడా చంపుకుంటున్నారు.

పెద్దాయన తెచ్చిన పిలకలు మాకు నేర్పింది ఏమిటంటే, వంగడం మారలేదు, పురుగు మారింది. ఒకే నిరోధక జన్యువు ఉన్న వంగడాన్ని ఊరు ఊరంతా వేస్తే, దాన్ని తట్టుకోగలిగిన పురుగు ఒక్కటి బతికినా నాలుగేళ్లలో ఊరంతా దాని సంతానమే. మన దేశంలో ఉల్లికోడు పురుగులో ఏడు రకాలను గుర్తించారు. జగిత్యాల దగ్గర ఉన్నది మూడో రకం. మన వరంగల్‌లో ఉన్నది 4ఎం అనే రకం. వంద మైళ్ల లోపు రెండు చోట్ల, రెండు వేర్వేరు పురుగులు. అక్కడ నిలబడిన వంగడం ఇక్కడ నిలబడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ఏ ప్రయోగశాలలో ఎంత గొప్ప వంగడం పుట్టినా ఈ రెండు ఊళ్ల మడుల్లో నెగ్గి రావాలి అంటాను.

ఏటా కొత్త వంగడాలు ఎన్ని విడుదల చేశామని లెక్క చెబుతారు. చెప్పాలి, తప్పు లేదు. కానీ పాత వంగడం పురుగు ముందు ఇంకా నిలబడి ఉందా అని చూసుకుంటూ, అది కూలిపోయేలోపు మరొకటి సిద్ధం చేయడం కూడా ప్రగతే. ఆ పని ఎవరికీ కనిపించదు. పొలంలో నష్టం జరగలేదు కాబట్టి ఎవరూ చప్పట్లు కొట్టరు. నా దృష్టిలో పరిశోధనా కేంద్రాల అసలు పని అదే.

పత్తిలో ఇదే కథ ఇంకా పెద్దగా జరిగింది. 1997-98లో ఈ జిల్లా పత్తి చేలలో లద్దెపురుగు విరుచుకుపడి, మందులు పనిచేయక, అప్పులు తీరక ఎందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారో ఈ సభలో ఉన్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. ఆ గాయం మీద 2002లో బీటీ వచ్చింది. 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చింది. కాయతొలుచు పచ్చపురుగు నిజంగానే తగ్గింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడే గులాబీ రంగు పురుగు నెమ్మదిగా తయారైంది. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి బీటీని తట్టుకుంది. మరో ఐదేళ్లకు రెండోదాన్ని కూడా.

ఇందులో మన పాలు కూడా ఉంది. బీటీ విత్తన డబ్బాతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల పొట్లం వచ్చేది, చేను చుట్టూ వేయమని. బీటీకి లొంగే పురుగులు కొన్ని బతికి, తట్టుకున్న పురుగులతో జత కట్టి, ఆ తట్టుకునే గుణాన్ని పలచన చేయాలనేది ఆలోచన. ఎంతమంది వేశారు? గట్టు మీద పారేసిన పొట్లాలను నా కళ్లతో చూశాను. రైతును తప్పు పట్టడం లేదు. ఆ పొట్లం ఎందుకు ఇచ్చారో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. ఆ చెప్పవలసిన వాళ్లలో మేమూ ఉన్నాం.

గులాబీ పురుగు ఇప్పుడు ఎలా పట్టుబడుతుంది? పూత సమయంలో విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకున్న పూలు కనిపిస్తే, మీరు గుడ్డిపూలు అంటారు, వాటిలో పురుగు ఉన్నట్టే. ఏరి నాశనం చేయాలి. మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలు పెట్టి, బుట్టకు రాత్రికి ఎనిమిదేసి చొప్పున ఆ పురుగులు వరుసగా మూడు రాత్రులు పడితే అప్పుడు మందు గురించి ఆలోచించాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, పంటను డిసెంబరుతో ముగించడం. నీళ్లున్నాయి కదా అని ఫిబ్రవరి, మార్చి దాకా చేనును సాగదీస్తే, మీరు ఏరే నాలుగు కిలోల పత్తికి వచ్చే ఏడాది ఊరంతటి పురుగును పెంచి ఇస్తున్నట్టే. పత్తి కట్టెను గట్ల మీద కుప్పలుగా ఉంచినా అంతే. పురుగు అందులోనే నిద్రపోతుంది.

అందుకే పత్తిలో ఇప్పుడు అందరి చూపు దగ్గర దగ్గరగా నాటే పద్ధతి మీద ఉంది. లెక్క చూడండి. 90 సెంటీమీటర్ల సాళ్లలో 60 సెంటీమీటర్లకు ఒక మొక్క వేస్తే ఎకరానికి సుమారు 7,500 మొక్కలు. అదే 15 సెంటీమీటర్లకు ఒకటి వేస్తే 30,000. మొక్కకు కాయలు తక్కువే ఉంటాయి, కానీ తొలి కాపులోనే వస్తాయి. పంట త్వరగా ముగుస్తుంది, పురుగుకు సమయం చిక్కదు, తడి ఉన్న చోట యాసంగిలో పెసరో నువ్వో వేసుకోవచ్చు. తేలిక చలక నేలల్లో ఇది బాగా నప్పుతుంది. లోతైన నల్లరేగడిలో మొక్క ఏపుగా పెరిగి గాలి ఆడకుండా పోతుంది కాబట్టి ఎదుగుదలను అదుపు చేసే మందు తప్పనిసరి. విత్తన ఖర్చు మాట ఏమిటని మీరు అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. నాలుగింతల మొక్కలకు నాలుగింతల సంకర విత్తనం కొనమనడం నాకు సమ్మతం కాదు. దీనికి మన కేంద్రాల నుంచి రైతు మళ్లీ దాచుకోగలిగిన సూటి వంగడాలు రావాలి. రాబోయే ఏళ్లలో నిధులు పెట్టవలసిన మొదటి చోటు ఇదే.

మిరపలో గడిచిన ఏడాది మంచి వార్త, వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు రావడం. దుగ్గొండి మండలం తిమ్మంపేట రైతుల సంస్థ, మల్యాల ఉద్యాన పరిశోధనా కేంద్రం తోడుగా, ఆ గుర్తింపు తెచ్చుకుంది. టమాట పండులా బుంగగా, ముదురు ఎరుపుగా ఉండి, కారం తక్కువగా ఉండే కాయ అది. దాని విలువ ఘాటులో కాదు, రంగులో ఉంది. ఆ రంగును తీసి ఆహారంలోనూ సౌందర్య సామగ్రిలోనూ వాడతారు. గుర్తింపు కాగితం చేతికి వచ్చింది సరే, ఆ కాగితాన్ని నిలబెట్టేది విత్తనం. మిరపలో పక్క చేను పుప్పొడి తేనెటీగ కాళ్లకు అంటి వస్తుంది. చపాటా పక్కనే ఘాటు సంకర రకం వేసి, అందులో నుంచి కాయలు విత్తనానికి దాచుకుంటే నాలుగేళ్లలో చపాటా పేరు మాత్రమే మిగులుతుంది. విత్తనపు మడిని ఊరికి దూరంగా, విడిగా పెంచడం ఊరు మొత్తం కలిసి చేయవలసిన పని. ఇక 2021-22లో మిరపను తుడిచిపెట్టిన నల్ల తామర పురుగు పోయిందనుకోకండి. అది పూలలోనే దాక్కుంటుంది. ఉదయం పూట ఒక పువ్వును తెల్లకాగితం మీద దులిపి చూస్తే నల్లని చుక్కలు పరుగెత్తుతాయి. నీలి రంగు జిగురు అట్టలు ముందే కట్టండి.

పసుపు గురించి ఎక్కువ చెప్పను. నిజామాబాద్‌లో సంక్రాంతికి జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. ఎన్నాళ్లుగానో అడిగినది వచ్చింది. కమ్మరపల్లి పరిశోధనా కేంద్రానికి దానితో బలం చేకూరాలి, దుంపకుళ్లుకు సమాధానం దొరకాలి. అది జరిగిన నాడు మళ్లీ మాట్లాడుకుందాం.

ఇప్పుడు వాన. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మన ఏడాది వానలో సగానికి మించి ఒక్క రోజులో. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. మొన్న అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చింది. భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లకు పైగా పడింది, వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. సరిగ్గా కోతల సమయం. కోసిన వడ్లు కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల ముందు, రోడ్ల మీద. విచ్చిన పత్తి చేను మీద. మూడో రోజు ఒక కేంద్రం దగ్గర ఒక తల్లి టార్పాలిన్ కింద చేయి పెట్టి గుప్పెడు వడ్లు తీసి నాకు చూపించింది. ప్రతి గింజకూ తెల్లని మొలక. ఆవిరి వస్తోంది ఆ కుప్ప నుంచి. ఆమె ఏమీ అడగలేదు, గుప్పిట తెరిచి పట్టుకుని నిలబడింది.

దానికి పరిశోధన దగ్గర జవాబు ఉందా అంటే, కొంత ఉంది. వరి గింజకు నిద్రావస్థ అనే గుణం ఉంటుంది. కోసిన తరువాత కొన్నాళ్ల దాకా తడిసినా మొలకెత్తదు. కొన్ని వంగడాల్లో అది రెండు మూడు వారాలు ఉంటుంది, కొన్నిటిలో దాదాపు ఉండదు. దిగుబడి కోసం, గింజ నాజూకు కోసం ఏరుకునే తొందరలో ఈ గుణాన్ని వెనక్కి నెట్టామని ఒప్పుకోవాలి. రాబోయే వానాకాలపు వంగడం ఏదైనా సరే, రెండు వారాల నిద్ర, పడిపోని కాండం, ఈ రెండూ లేకుండా విడుదలకు రాకూడదని నేను కోరుతున్నాను. యాసంగికి ఇంకొకటి, వడగండ్లకు గింజ రాలని గుణం. దిగుబడి పట్టికలో రెండు క్వింటాళ్లు తగ్గినా ఫరవాలేదు, రైతు ఇంటికి చేరే వడ్లే లెక్క.

గత మే 5 నుంచి జూన్ 13 దాకా మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 'రైతు ముంగిట్లో శాస్త్రవేత్తలు' పేరుతో ఊరూరా తిరిగారు. ఈ విశ్వవిద్యాలయానికి పేరుగా నిలిచిన జయశంకర్ సారు మన అక్కంపేట బిడ్డ. శాస్త్రవేత్త ఊరికి రావాలన్నది ఆయన పేరుకు తగిన పని. అక్కడ చెప్పిన మొదటి మాట యూరియా తగ్గించమని. రెండు నెలలు తిరిగేసరికి ఆగస్టులో యూరియా కోసం తెల్లవారుజామున చెప్పులు వరుసలో పెట్టి నిలబడవలసి వచ్చింది. ఆ వరుసలో నిలబడిన మనిషికి యూరియా తగ్గించు అని చెప్పడానికి నాకు నోరు రాదు. ముందు దొరకాలి, వేళకు దొరకాలి. దొరుకుతుందన్న నమ్మకం ఉంటేనే మనిషి ఎంత కావాలో అంతే వేస్తాడు, లేకపోతే దొరికిన రోజున ఉన్నదంతా చల్లుతాడు. అప్పుడు ఆకు నల్లగా కమ్ముతుంది, దోమపోటు వస్తుంది, అగ్గితెగులు వస్తుంది, చేను పడిపోతుంది. ఆకుల రంగు పట్టిక అని ఒక ప్లాస్టిక్ బద్ద ఉంటుంది. ఆకును దాని మీద పెట్టి రంగు పోల్చి చూసుకుంటే యూరియా అవసరమో కాదో తెలుస్తుంది. అది ప్రతి రైతు చొక్కా జేబులో ఉండాలి.

నీటి సంగతి ఒక్క నిమిషం. కాకతీయులు రామప్ప, పాకాల, లక్నవరం కట్టి ఒక చెరువు నిండితే మరో చెరువుకు పారేలా గొలుసు కట్టారు. ఆ నీటిని మనం మడిలో ఎప్పుడూ నిలబెట్టి ఉంచుతున్నాం. వరికి అంత అవసరం లేదు. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం ముక్కకు కింది సగంలో రంధ్రాలు చేసి, ఆ సగం మట్టిలోకి దించి, లోపలి మట్టి తీసేయండి. లోపల నీరు మడి మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగేదాకా మళ్లీ నీరు పెట్టనక్కరలేదు. పూత దశలో మాత్రం నీరు నిలపండి. పదో పాతికో రూపాయల గొట్టం ముక్క ఇది.

విద్యార్థులకు ఒక మాట. కంప్యూటర్ ముందు జన్యువులను చదవడం నేర్చుకోండి, అది చాలా అవసరం. ఉల్లికోడుకు ఇప్పటికే పదికి పైగా నిరోధక జన్యువులు తెలుసు. రెండు మూడింటిని ఒకే వంగడంలో పేర్చడం మీ తరం చేతుల్లో ఉంది. ఒకదాన్ని గెలిచిన పురుగు రెండోదాని దగ్గర ఆగుతుంది. కానీ పేర్చిన వంగడాన్ని పరీక్షించేది ఆగస్టు బురదలో వంగి, పిలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి. ఆ లెక్క రాని శాస్త్రవేత్త రాసిన నివేదికను నమ్మకండి.

చివరగా ఇక్కడి అన్నలను, అక్కలను ఒకటి అడుగుతాను. వచ్చే వానాకాలం, నాట్లు వేసిన నెల తరువాత మీ మడిలో దిగి ఒకసారి చూడండి. తట్టుకుంటుందని చెప్పిన వంగడంలో ఉల్లి గొట్టాలు కనిపిస్తే వదిలేయకండి. నాలుగైదు దుబ్బులు వేర్లతో సహా పెకిలించి, వేర్లకు తడి గుడ్డ చుట్టి, కాగితంలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో పెడితే ఉడికిపోయి పురుగు చనిపోతుంది, మాకు పనికిరాదు. ఒక చీటీ మీద ఊరి పేరు, వంగడం పేరు, నాటిన తేదీ రాసి, మీకు దగ్గరలో ఉన్న పరిశోధనా కేంద్రంలో గానీ కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అదే రోజు ఇవ్వండి. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో రాయించండి. ఆదివారమైతే గేటు దగ్గర కాపలా మనిషికి ఇచ్చినా చాలు.